పొద్దున షుగర్ ఎందుకు ఎక్కువుంటోందో చూడ్డానికి సెన్సార్ పెట్టించాం: పెట్టిన డబ్బుకి న్యాయం జరిగిందా?

ముందే చెప్పేస్తాను. చేతికి అంటించుకుంటే రాత్రీ పగలూ షుగర్ ఎంతుందో చూస్తూ ఉండే ఈ సెన్సార్ అందరికీ అక్కర్లేదు, ప్రతి నెలా కొనాల్సిన పని అసలే లేదు. కానీ రాత్రి పడుకోబోయే ముందు 140, 150 ఉన్న షుగర్ తెల్లారేసరికి 190, 200కి ఎక్కి కూర్చుంటూ, ఎంత పథ్యం చేసినా దిగకుండా, ఇంట్లోవాళ్లు "రాత్రి ఏం తిన్నారు" అని నిలదీసే పరిస్థితి ఉంటే మాత్రం ఒక్కసారి పెట్టించి చూడడం దండగ కాదు. మా ఇంట్లో అలా నిలదీయించుకున్నది మా మావయ్య గారు. కంపెనీ పేరు కావాలనే రాయట్లేదు. ఇప్పుడు మన దగ్గర దొరికే రకాలన్నీ పనిచేసే పద్ధతి దాదాపు ఒకటే, నేను చెప్పబోయేది కూడా ఫలానా డబ్బా కొనమని కాదు.

మాది పర్లాకిమిడి. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అటు ఆంధ్ర, ఇటు ఒడిశా. పెద్ద డాక్టర్ కావాలంటే ఒకసారి బరంపురం, ఒకసారి శ్రీకాకుళం, ఏ బస్సు ముందొస్తే అటు అన్నట్టు ఉంటుంది మా వ్యవహారం, రిపోర్టుల సంచిలో రెండు రాష్ట్రాల చీటీలూ ఉంటాయి. మావయ్య గారికి షుగర్ వచ్చి చాలా ఏళ్లయింది. మెట్‌ఫార్మిన్ మాత్రలు, వాటితోపాటు పొద్దునా రాత్రీ భోజనానికి ముందు 30/70 ఇన్సులిన్, అంటే 30 పాళ్లు త్వరగా, 70 పాళ్లు నెమ్మదిగా పనిచేసే మిశ్రమం. మధ్యాహ్నం తిన్న రెండు గంటలకి చూస్తే 160 దాటదు, పడుకునే ముందూ ఫర్వాలేదు, పొద్దున పరగడుపున చూస్తేనే గొడవ. అత్తయ్య గారి అనుమానం ఫ్రిజ్ మీద. పక్కింటి వాళ్ల అనుమానం అన్నం మీద. ఆయన రాత్రి అన్నం మానేశారు, చపాతీలు మూడు నుంచి రెండుకి, రెండు నుంచి ఒకటిన్నరకి దించారు, మెంతులు నానబెట్టిన నీళ్లు, కాకరకాయ రసం అన్నీ అయ్యాయి. "ఇంకేటి మానీమంటారమ్మా, మంచినీళ్లు కూడా మానీమంటారా" అని ఒకరోజు నా మీద విసుక్కున్నారు. ఆయన విసుక్కోవడం చాలా అరుదు.

దగ్గర్లో ఒక డాక్టర్ గారు గ్లూకోమీటర్ పుస్తకంలో పొద్దుటి అంకెలు మాత్రం చూసి రాత్రి ఇన్సులిన్ పెంచమన్నారు. శ్రీకాకుళంలో ఇంకో ఆయన పెంచే ముందు ఒకే ప్రశ్న వేశారు: "రాత్రి రెండు, మూడు గంటలకి ఎంత ఉంటోందో ఎప్పుడైనా చూశారా?" చూడలేదు. ఎవరు చూస్తారు? సెన్సార్ మాట అలా వచ్చింది.

తినకుండా షుగర్ ఎలా పెరుగుతుందన్నది మా అందరి సందేహం, కాబట్టి ముందు అది. మనం తినని గంటల్లో రక్తంలోకి గ్లూకోజ్ వదిలేది మన కాలేయమే. తెల్లవారుజామున సుమారు మూడు నుంచి ఎనిమిది మధ్య ఒంట్లో గ్రోత్ హార్మోన్, కార్టిసాల్ లాంటివి పెరుగుతాయి, లేచి పనిచేసుకోవడానికి శరీరం చేసుకునే ఏర్పాటు అది. వాటి వల్ల కాలేయం గ్లూకోజ్ ఎక్కువ వదులుతుంది, ఇన్సులిన్ పని కాస్త మందగిస్తుంది. ఇది షుగర్ లేనివాళ్లకీ జరుగుతుంది, కాకపోతే వాళ్ల క్లోమం ఇంకాస్త ఇన్సులిన్ వదిలి సర్దేస్తుంది. షుగర్ ఉన్నవాళ్లకి ఆ సర్దుబాటు సరిపోక అంకె పైకి పోతుంది. డాక్టర్లు దీన్ని డాన్ ఫినామినన్ అంటారు. అంటే మనిషి అర్ధరాత్రి ఫ్రిజ్ తలుపు తీయకపోయినా పొద్దున 190 రావచ్చు. ఈ ఒక్క మాట ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చెప్పాక మావయ్య గారి పరువు సగం తిరిగొచ్చింది.

అయితే కారణం అదొక్కటే కాదు, అందుకే చిక్కు. రాత్రి ఆలస్యంగా, కడుపునిండా తింటే ఆ షుగర్ తెల్లారేదాకా దిగకపోవచ్చు. సాయంత్రం తీసుకున్న ఇన్సులిన్ తెల్లవారుజాముకి అయిపోతుండొచ్చు. 30/70లో ఆ 70 పాళ్ల భాగం తీసుకున్న నాలుగైదు గంటల తర్వాత జోరందుకుంటుంది, తర్వాత నెమ్మదిగా తగ్గుతుంది, అంటే రాత్రి ఎనిమిదికి తీసుకుంటే అర్ధరాత్రి దాటాక బలంగా ఉండి, సరిగ్గా అవసరమైన నాలుగు, అయిదు గంటల వేళకి నీరసపడుతుంది. ఇలాంటప్పుడు పొద్దుటి అంకె చూసి రాత్రి డోసు పెంచితే పెరిగేది ముందుగా అర్ధరాత్రి జోరు, పెద్దవాళ్లకి నిద్రలో షుగర్ పడిపోయే ప్రమాదం అక్కడే. ఇంకోటి కూడా ఉంది, సోమోజీ అని ఒక శాస్త్రవేత్త 1930ల్లో చెప్పింది: రాత్రి షుగర్ బాగా పడిపోతే శరీరం కంగారుపడి హార్మోన్లు వదిలి పొద్దునకి పెంచేస్తుందని. చాలాకాలం అందరూ నమ్మారు గానీ, ఈ సెన్సార్లు వచ్చాక రాత్రుళ్లు నిజంగా గమనిస్తే, రాత్రి పడిపోయినవాళ్లకి పొద్దున కూడా ఎక్కువసార్లు తక్కువే ఉంటోందని తేలింది. అందుకని ఇప్పుడు ఆ మాటకి పాత బలం లేదు.

సరే, వస్తువు సంగతి. పదిరూపాయల బిళ్ల కంటే కాస్త పెద్దగా ఉండే తెల్లటి బిళ్ల, జబ్బ వెనక వైపు అంటిస్తారు. దాని అడుగున వెంట్రుకంత సన్నటి తీగ చర్మం కిందకి వెళ్తుంది. అంటించే డబ్బాని చర్మానికి ఆనించి నొక్కితే టక్కుమని శబ్దం, అంతే. ఇన్సులిన్ సూదికి అలవాటుపడ్డ మనిషికి అది లెక్కలోకే రాదు. మొదటి గంట ఏమీ చూపించదు. మేం కొన్నది 14 రోజులు పనిచేసే రకం, అయిదు వేలకి కాస్త అటూ ఇటూ అయింది. మా ఊరి మందుల షాపుల్లో దొరకలేదు, ఆన్‌లైన్‌లో తెప్పించాం. ఎండాకాలం తెప్పించేవాళ్లు కొరియర్ ఆఫీసులో రోజుల తరబడి పడి ఉండకుండా చూసుకోండి, ఎంత వేడిలో ఉంచొచ్చో డబ్బా మీద రాసి ఉంటుంది.

కొనేముందు ఎవరూ చెప్పని సంగతి ఒకటి ఉంది. కొన్ని రకాలకి ఫోన్‌లో ఎన్ఎఫ్‌సీ, అంటే ఫోన్‌ని సెన్సార్ దగ్గర పెట్టి స్కాన్ చేసే సౌకర్యం, ఉండాలి, తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి అది ఉండదు. మావయ్య గారి ఫోన్‌లో లేదు, నా ఫోన్‌లో ఉంది, కాబట్టి రెండు వారాలు నేను ఇంట్లో ఎక్కడుంటే ఆయన అక్కడికి జబ్బ చూపిస్తూ వచ్చేవారు. విడిగా రీడర్ అమ్ముతారు, దానికి వేరే ఖర్చు. సెట్టింగుల్లోకి వెళ్లి ఎన్ఎఫ్‌సీ ఉందో లేదో చూసి, తర్వాతే డబ్బు కట్టండి. కాగితం, యాప్ రెండూ మాకు ఇంగ్లీషులోనే వచ్చాయి. ఇంత డబ్బు తీసుకుంటూ తెలుగులోనో, ఒడియాలోనో నాలుగు ముక్కలు రాయడానికి ఏం కష్టమో నాకర్థం కాదు, షుగర్ ఉన్నవాళ్లలో మా మావయ్యలాంటి పెద్దవాళ్లు చాలామంది కదా.

ఇక రాత్రుళ్లు. మామూలుగా ఆయన పదింటికి పడుకుంటారు. ఎక్కువ రాత్రులు ఫోన్‌లో షుగర్ గ్రాఫ్ గీత ఒకేలా వచ్చింది: పడుకునేటప్పుడు 150 చుట్టూ, ఒంటిగంట, రెండుకి 120ల్లోకి దిగి, మూడున్నర దాకా అలాగే సాఫీగా, అక్కడి నుంచి మెల్లగా ఎక్కడం మొదలై ఆరింటికి 180 దాటేది. ఇంకో విచిత్రం, లేచి పళ్లు తోముకుని వాకిట్లో తిరిగే ఆ అరగంటలో, టీ చుక్క కూడా పడకుండానే, ఇంకో పదీ పదిహేను పెరిగేది. అంటే ఫాస్టింగ్ లేవగానే చూసినదానికీ, పేపరంతా చదివి ఎనిమిదింటికి చూసినదానికీ తేడా ఉంటుంది. ల్యాబ్ వాడు తొమ్మిదింటికి తీసే రక్తం సంగతి చెప్పక్కర్లేదు.

మధ్యలో పాతపట్నంలో చుట్టాల పెళ్లి. రాత్రి పదిన్నర దాటాక భోజనం, పులిహోర, బూరెలు, అన్నీ. ఆ రాత్రి గీత పదకొండుకే 240కి ఎక్కి, తెల్లారేదాకా దిగుతూ దిగుతూ 190 దగ్గర ఆగింది. చూడండి, పొద్దుటి అంకె మామూలు రోజుదీ 190, పెళ్లి మర్నాడుదీ 190. పుస్తకంలో రాస్తే రెండూ ఒకటే. ఒక రాత్రి కింద నుంచి ఎక్కింది, ఒక రాత్రి పై నుంచి దిగింది. మొదటిదానికి మందు వేళా రకమూ చూడాలి, రెండోదానికి బూరెలు చూడాలి. ఈ తేడా కనిపించడానికే నేను అయిదు వేలు పెట్టాననుకుంటున్నాను, మిగతావన్నీ కొసరు.

కొసరులో ఒకటి: మాది ఒడిశా కదా, ఎండల్లో మధ్యాహ్నం పఖాళ తింటారు, మన చద్దన్నమే అనుకోండి, పెరుగు, వేయించిన బడి (వడియాలు), పచ్చిమిరపకాయ. "అంతా నీళ్లే గదా, అన్నమెంత" అని ఆయన వాదన. పఖాళ తిన్న మధ్యాహ్నాలు గీత ఎలా లేచిందో ఆయనే చూసుకున్నారు, ఆ వాదన మళ్లీ వినపడలేదు.

ఇప్పుడు అసలు జాగ్రత్త. ఒకరోజు అర్ధరాత్రి దాటాక ఫోన్ అలారం కొట్టింది, షుగర్ 58 అని. 70 కంటే తగ్గితే తక్కువ కిందే లెక్క. అత్తయ్య గారు లేచి పంచదార డబ్బా పట్టుకుని పరుగు, నేను గ్లూకోమీటర్ పట్టుకుని పరుగు. మావయ్య గారు ఎడమవైపు ఒత్తిగిలి, సెన్సార్ ఉన్న చేతి మీద మొత్తం బరువు వేసి, హాయిగా గురక పెడుతున్నారు. లేపితే "నాకేటీ అవలేదు, మీకేటయింది" అన్నారు. చెమటల్లేవు, వణుకు లేదు, మాట తడబడలేదు. వేలికి పొడిచి చూస్తే 112. సెన్సార్ మీద బరువు పడి అక్కడి చర్మం నొక్కుకుపోతే అది నిజం కాని తక్కువ అంకె చూపిస్తుంది, చాలామందికి జరిగేదే. ఇటు తిరిగి పడుకోగానే కాసేపటికి గీత మళ్లీ పైకి వచ్చేసింది. ఈ సంగతి తెలియకపోతే ఏమవుతుందో ఆలోచించండి: రాత్రి 58, పొద్దున 185, అదిగో రాత్రి పడిపోయి పొద్దున ఎగిరింది అని తీర్పు ఇచ్చేసి ఇన్సులిన్ తగ్గించేసుకుంటారు. గ్రాఫ్‌లో గుంట కనిపిస్తే ఆ రాత్రి ఏ పక్కకి తిరిగి పడుకున్నారో కూడా అడగాలి. ఎడమవైపు పడుకునే అలవాటుంటే కుడి జబ్బకి అంటించుకోండి.

అలాగని అలారం కొట్టినప్పుడల్లా అబద్ధమనుకుని పడుకోకండి. వేలికి పొడిచి చూడాలి. చూసే వీలు లేక, మనిషికి చెమట, వణుకు, తికమక ఉంటే అంకె కోసం ఆగకుండా మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇచ్చి, పావుగంటకి మళ్లీ చూడాలి, ఆ లక్షణాలు తగ్గకపోతే మళ్లీ ఇవ్వాలి. స్పృహలో లేని మనిషి నోట్లో ఏదీ పోయకూడదు, ఆసుపత్రికి పరుగే.

ఖచ్చితత్వం ఎంత అంటే, ఇది నేరుగా రక్తాన్ని చూడదు, చర్మం కింద కణాల చుట్టూ ఉండే ద్రవంలోని గ్లూకోజ్‌ని చూస్తుంది, అందుకని రక్తం కంటే అయిదు నుంచి పదిహేను నిమిషాలు వెనకబడి ఉంటుంది. షుగర్ వేగంగా ఎక్కుతున్నప్పుడు, దిగుతున్నప్పుడు గ్లూకోమీటర్‌తో పోల్చి తిట్టుకోవడంలో అర్థం లేదు. మొదటి రోజు అంకెలు మాకు కాస్త అటూ ఇటూ ఊగాయి, వాటిని డాక్టర్ గారు కూడా పక్కన పెట్టారు. ఆ మాటకొస్తే గ్లూకోమీటర్ కూడా దేవుడేం కాదు, దాని ప్రమాణాల్లోనే 100 పైన 15 శాతం అటూ ఇటూ ఒప్పుకుంటారు. 170కి 185కి తేడా చూసి టెన్షన్ పడేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. విటమిన్ సి బిళ్లలు ఎక్కువ మోతాదులో వేసుకుంటే కొన్ని సెన్సార్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి, కాగితంలో ఉంటుంది, చదవండి. ఎమ్మారై తీయించుకోవాలంటే ముందు తీసేయాలేమో కూడా కాగితంలో చూడండి.

నాకు కోపం తెప్పించింది జిగురు. మా ఉక్కపోతకి, గడువు ఇంకా ఉండగానే, బనియన్ చేతి అంచు రాసుకుని రాసుకుని ఒక పక్క లేచింది. మందుల షాపులో పేపర్ టేపు కొని పైన అంటించి బండి నడిపించాం. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే హిందీలో చాలాసేపు మాట్లాడించి, ఫొటో పంపమని, సీరియల్ నంబర్ చెప్పమని, తర్వాత ఉలుకూ పలుకూ లేదు. ఖాళీ డబ్బా పారేయకండి, ఆ నంబర్ దాని మీదే ఉంటుంది. ఇంకో లోపం, మేం వాడిన రకం షుగర్ పడితే దానంతటదే అలారం కొడుతుంది గానీ గీత కోసం స్కాన్ చేయాల్సిందే, ఎనిమిది గంటల లెక్క మాత్రమే తనలో దాచుకుంటుంది, ఆలోపు స్కాన్ చేయకపోతే మధ్యలో గీత ఎగిరిపోతుంది. రాత్రి గీత కోసమే కొన్నవాళ్లం కాబట్టి పడుకోబోయే ముందు ఒకసారి, లేవగానే ఒకసారి స్కాన్ చేయడం మాకు తప్పనిసరి అయింది.

రెండు వారాల గ్రాఫ్ ప్రింట్ తీసి శ్రీకాకుళం పట్టుకెళ్లాం. డాక్టర్ గారు సగటు వైపు ఎక్కువ చూడలేదు, రాత్రి పది నుంచి పొద్దున ఎనిమిది దాకా అన్ని గీతలూ ఒకదాని మీద ఒకటి వేసి ఉన్న పేజీ ఒక్కటే చాలాసేపు చూశారు. రాత్రి డోసు పెంచలేదు, రకమూ వేళా మార్చారు. ఏం మార్చారో, ఎన్ని యూనిట్లో ఇక్కడ రాయను, ఎందుకంటే రాస్తే ఎవరో ఒకరు అదే చేసుకుంటారు. భోజనం ఏడున్నరకల్లా అయిపోవాలన్నారు, తిన్నాక ఓ ఇరవై నిమిషాలు నడవమన్నారు, రాత్రి తిండి మరీ కోసేయొద్దన్నారు, ఒకటిన్నర చపాతీ మళ్లీ రెండయింది, ఆ రోజు మావయ్య గారి మొహం చూడాల్సింది. గురక గురించి కూడా అడిగారు. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు ఉన్నా పొద్దుటి షుగర్ పెరుగుతుందట, ఆ పరీక్ష ఇంకా చేయించాలి. ఇప్పుడు ఫాస్టింగ్ ఎక్కువ రోజులు 130, 140 మధ్య ఉంటోంది. మామూలుగా చెప్పే లక్ష్యం 80 నుంచి 130, పెద్ద వయసువాళ్లకి కాస్త వదులుగా పెడతారు, ఎందుకంటే వాళ్లకి ఎక్కువ ఉండడం కంటే పడిపోవడమే పెద్ద ప్రమాదం.

మూడు నెలల సగటు పరీక్ష, అదే హెచ్‌బీఏ1సీ, ఉండగా ఇదెందుకు అనేవాళ్లకి: ఆ సగటు రాత్రికీ పగటికీ తేడా చెప్పదు. పైగా మన ఒడిశాలో సికిల్ సెల్, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకరపోయే పుట్టు జబ్బు, ఉన్నవాళ్లు ఎక్కువ. అది ఉన్నా, రక్తం బాగా తక్కువున్నా ఆ పరీక్ష తప్పుదారి పట్టించొచ్చు. ఇంట్లో ఎవరికైనా సికిల్ ఉంటే డాక్టర్‌కి ముందే చెప్పండి, అలాంటివాళ్లకి సెన్సార్ లెక్క బాగా పనికొస్తుంది.

అయిదు వేలు పెట్టలేనివాళ్లకి దారి లేదా అంటే ఉంది. మామూలు గ్లూకోమీటర్‌తోనే కొన్ని రాత్రులు పడుకునే ముందు, మధ్యరాత్రి మూడింటికి అలారం పెట్టుకుని, మళ్లీ లేవగానే చూసి రాసుకోండి. స్ట్రిప్ ఇరవై రూపాయల చుట్టూ ఉంటుంది. చేతులు సబ్బుతో కడుక్కుని తుడుచుకోవాలి, మామిడిపండు తిన్న వేలు ఏ మీటర్‌నైనా మోసం చేస్తుంది. స్ట్రిప్పుల డబ్బా మూత తెరిచి పెడితే మా వానాకాలం గాలికి పాడైపోతాయి. మూడింటి అంకె తక్కువో, మామూలో, అప్పటికే ఎక్కువో తెలిస్తే డాక్టర్‌కి చాలావరకు సరిపోతుంది. కేవలం మాత్రల మీద ఉండి, ఫాస్టింగ్ కాస్త ఎక్కువున్నవాళ్లకి ముందు ఇదే చేయమంటాను. ఇన్సులిన్ మీద ఉండి ఒంటరిగా పడుకునే పెద్దవాళ్లు, రాత్రి చెమటలతో లేచేవాళ్లు, పొద్దున తలనొప్పితో లేచేవాళ్లు, వీళ్లు మాత్రం డబ్బు చూసుకోకుండా సెన్సార్ గురించి అడగండి, అదీ బ్లూటూత్‌తో దానంతటదే అలారం కొట్టే రకం.

మొత్తానికి నా మార్కులు: రాత్రి గీతకి అయిదుకి నాలుగున్నర, జిగురుకి రెండు, కస్టమర్ కేర్‌కి ఏమీ లేవు. రెండోది ఇప్పుడే కొనట్లేదు. మందు మార్చిన ప్రతిసారీ అక్కర్లేదని, దసరా తర్వాత మళ్లీ చూద్దామని డాక్టర్ గారన్నారు. అప్పుడు మాత్రం కుడి జబ్బకే, పొడుగు చేతుల చొక్కా లోపల, మొదటి రోజు నుంచే టేపు వేసి.